క్రెడిట్ కార్డు ఉండాలా, వద్దా: మా ఇంటి లెక్క

మా కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో అప్పు మాట వస్తే ఎవరూ శాతాల్లో మాట్లాడరు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటారు. నూటికి నెలకు ఎంత అనేదే లెక్క. రూపాయి వడ్డీకి ఇచ్చినవాడు మంచివాడు. రెండు రూపాయలంటే మామూలు. మూడు రూపాయలంటే "వాని దగ్గరికి పోవద్దు" అని పెద్దలే ఆపేవాళ్లు. మా నాయన బతికినంత కాలం మూడు రూపాయల నోటు మీద ఒక్క సంతకం పెట్టలేదు. ఆ ఇంట్లో పుట్టిన నేను 2018లో మూడున్నర రూపాయల వడ్డీకి, ఆ వడ్డీ మీద మళ్లీ పన్ను కట్టుకుంటూ, ఎనిమిది నెలలు అప్పు మోశాను. అది క్రెడిట్ కార్డు అప్పు. స్టేట్‌మెంట్‌లో "నెలకు 3.5 శాతం" అని ఉంటే చిన్న అంకెలాగే కనబడింది. మూడున్నర రూపాయలు అని రాసి ఉంటే ఆ రోజే ఉలిక్కిపడేదాన్ని.

మొన్న ఉగాదికి మా తమ్ముడి కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. నేను ఓళిగలు కాలుస్తుంటే వంటింట్లో పీట వేసుకుని కూర్చుని అడిగాడు. "అత్తా, నా దగ్గర నాలుగు కార్డులున్నాయి. అమ్మేమో అన్నీ విరిచి పారేయమంటుంది. ఆఫీసులో వాళ్లు అసలు కార్డు లేకుండా ఎట్లా బతుకుతారంటారు. నువ్వు కార్డు వాడతావు, మామ వాడడు. మీ ఇద్దరిలో ఎవరిది కరెక్టు?"

ఇద్దరిదీ కరెక్టే అన్నాను. ఎందుకు కరెక్టో ఆ రోజు వాడికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు మీ డబ్బు ఏ తేదీన వస్తుందో చూసుకోండి

నేను అనంతపురంలో ఒక కాలేజీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ప్రతి నెలా అయిదో తేదీకల్లా జీతం ఖాతాలో పడుతుంది. మా ఆయనకు గుత్తి రోడ్డులో బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. ఎండాకాలంలో నీళ్లు లోతుకు పోయి మోటార్లు కాలిపోతాయి కాబట్టి పని ఎక్కువ. కానీ మోటారు తెచ్చిన రైతు చేతిలో ఆ రోజు డబ్బుండదు. "అన్నా, చెనిక్కాయ అమ్మినాక ఇస్తా" అంటాడు. మా ఆయన సరే అంటాడు. మార్చిలో చేసిన పనికి డబ్బు డిసెంబరులో రావచ్చు.

మన వైపు అప్పు ఎప్పుడూ పంటతోనే ముడిపడి ఉంది. విత్తనం వేసేటప్పుడు తీసుకోవడం, పంట చేతికొచ్చాక తీర్చడం. ఇచ్చినవాడికీ ఆ సంగతి తెలుసు, కాబట్టి ఆగుతాడు. వాన రాకపోతే ఇంకో ఏడాది ఆగుతాడు. కార్డుకు ఆ ఆగడం లేదు. దానికి ప్రతి నెలా ఒక గడువు తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటితే రోజు లెక్కన వడ్డీ నడుస్తుంది. పంట మీద బతికేవాళ్లు, పంట మీద బతికేవాళ్లతో వ్యాపారం చేసేవాళ్లు కార్డు పెట్టుకుంటే ఇబ్బంది పడేది ఇక్కడే. వాళ్లకు డబ్బు లేక కాదు, డబ్బు వచ్చే కాలం వేరు.

అందుకని మా ఇంట్లో నిర్ణయం ఇది. నెలనెలా జీతం వచ్చి, కనీసం ఒక నెల ఖర్చు బ్యాంకులో కదలకుండా ఉంటే కార్డు పెట్టుకోవచ్చు. ఈ రెండింటిలో ఏది లేకపోయినా వద్దు.

కార్డు లేకుండా నడపడం

మా ఆయన కార్డు లేకుండా షాపునూ ఇంటినీ నడుపుతున్నాడు. దీనికీ ఒక పద్ధతి కావాలి. కార్డు లేదు కదా అని ఊరుకుంటే యూపీఐలో డబ్బు నీళ్లలా పోతుంది.

ఆయనకు రెండు ఖాతాలు. షాపు డబ్బంతా ఒక దాంట్లో పడుతుంది, దానికి ఫోన్‌లో యూపీఐ పెట్టలేదు. రెండోది ఇంటి ఖాతా. ప్రతి సోమవారం షాపు ఖాతా నుంచి నాలుగు వేలు దీంట్లోకి మారుస్తాడు. పాలు, కూరగాయలు, పెట్రోలు, టీ అన్నీ ఆ ఖాతా యూపీఐ నుంచే. శనివారానికి అయిపోతే ఆదివారం కొనడం ఉండదు. మొదట్లో రెండు మూడు నెలలు కష్టంగా అనిపించింది, తర్వాత అలవాటైపోయింది.

కార్డు లేనివాళ్లను భయపెట్టేది ఒక్కటే: రాత్రికి రాత్రి ఆసుపత్రి ఖర్చు వస్తే ఎట్లా? దానికి ముందే సిద్ధంగా ఉండాలి. మూడు నెలల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో ఉండాలి, దానికి ఏటీఎం కార్డు ఇంట్లోనే ఉండాలి. ఒక్కసారిగా అంత పెట్టలేం కాబట్టి మేము పోస్టాఫీసులో ఆర్డీతో మొదలుపెట్టాం. నెలకు వంద రూపాయల నుంచి కట్టుకోవచ్చు, అయిదేళ్ల గడువు. దానికి తోడు ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా. అదీ చాలకపోతే బ్యాంకులో బంగారం. మన ఇళ్లలో బంగారం తాకట్టు పెట్టడానికి సిగ్గుపడతారు, కార్డు గీకడానికి పడరు. ఈ తేడా నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. బ్యాంకులో బంగారం మీద అప్పు సాధారణంగా రూపాయి వడ్డీకి అటూ ఇటూ దొరుకుతుంది. కార్డు వడ్డీలో అది మూడో వంతు కూడా కాదు.

ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్ లాంటి పెద్ద వస్తువులకు మా ఆయన చీటీ వేస్తాడు. రిజిస్టరైన చిట్ కంపెనీలోనే వేయండి. చిట్టీలకు 1982 నాటి చట్టం ఉంది, దాని కింద నమోదు కాని చీటీలో డబ్బు పోతే ఎవరినీ గట్టిగా అడగలేం. వీధిలో తెలిసినవాళ్లే కదా అని వేసి మునిగినవాళ్లను నేను చూశాను.

"కార్డు లేకపోతే సిబిల్ స్కోరు ఉండదు, రేపు ఇంటి లోను రాదు" అని మా తమ్ముడి కొడుకు అన్నాడు. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది, అప్పు తీసుకుని తీర్చిన చరిత్రను బట్టి వస్తుంది. ఆ అప్పు కార్డే కానక్కర్లేదు. బంగారు లోను, బండి లోను తీసుకుని తేదీ తప్పకుండా కట్టినా రిపోర్టులో పడుతుంది. లేదంటే ఒక చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద ఇచ్చే కార్డు తీసుకోవచ్చు. మన డబ్బు బ్యాంకు దగ్గరే ఉంటుంది కాబట్టి జీతం స్లిప్పు లేనివాళ్లకు కూడా ఇస్తారు.

కార్డుతో నడపడం

ఇది కొంచెం పెద్ద సంగతి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

2018 జూన్‌లో మా అమ్మాయిని ఇంటర్‌లో చేర్చాం. హాస్టలు ఫీజు 45,000, అదే నెలలో పాత ఫ్రిజ్జు పోయి కొత్తదానికి 18,000. రెండూ కార్డు మీదే. ఊళ్లో మాకు ఆరెకరాల చెనిక్కాయ ఉంది. నవంబరులో కాయ అమ్మి ఒకేసారి కట్టేద్దామనుకున్నాం. అప్పటిదాకా మినిమం, అంటే బిల్లులో బ్యాంకు అడిగే కనీస మొత్తం, కడితే చాలు కదా అనుకున్నాను. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చెట్టు పీకితే వేరుకు నాలుగైదు లొట్టకాయలు తప్ప ఏమీ లేవు. మేత మాత్రమే ఇంటికొచ్చింది.

ఈ లోపు మినిమం కట్టుకుంటూ పోయాను. ఆ లెక్క ఒక్కసారి దగ్గరగా చూడండి. యాభై వేల బాకీ ఉందనుకోండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 1,750 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 315. మొత్తం 2,065. మినిమం 5 శాతం అంటే మీరు కట్టేది 2,500. అందులో అసలుకు చేరేది 435 రూపాయలు. నెలంతా కష్టపడి రెండున్నర వేలు కడితే అప్పు తగ్గింది 435. మన ఊరి భాషలో చెప్పాలంటే జీఎస్టీతో కలిపి ఇది నాలుగు రూపాయలకు పైన వడ్డీ.

ఇంకో సంగతి నాకు అప్పట్లో అసలు తెలియదు. పాత బాకీ పూర్తిగా తీరకపోతే కొత్తగా కొన్నదానికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. నేను ఆ నెలల్లో కిరాణా కూడా అదే కార్డు మీద తెచ్చాను. ఆ పప్పుకూ ఉప్పుకూ కొన్న రోజు నుంచే వడ్డీ నడిచింది. ఫిబ్రవరికి బాకీ 68,000.

అందుకే కార్డు వాడేవాళ్లకు నేను చెప్పే మొదటి పని: ఆటో పే ఫారం, అంటే బిల్లు డబ్బు మన ఖాతా నుంచి దానంతటదే పోయేట్టు ఇచ్చే ఫారం, తెరిచి చూడండి. అందులో రెండు గళ్లుంటాయి. ఒకటి టోటల్ అమౌంట్ డ్యూ, రెండోది మినిమం అమౌంట్ డ్యూ. టోటల్ దగ్గరే టిక్కు ఉండాలి. నాది అప్పట్లో మినిమం దగ్గర ఉండేది. మీది ఎక్కడుందో గుర్తు లేకపోతే ఈ రోజే యాప్‌లో చూసుకోండి.

రెండో పని, తేదీలు కలపడం. నా మొదటి కార్డుకు గడువు నెలలో రెండో తేదీ, జీతం అయిదో తేదీ. ప్రతి నెలా మూడు రోజులు టెన్షన్. బిల్లు తేదీని మనకు వీలైనట్టు మార్చుకునే అవకాశం కనీసం ఒక్కసారైనా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఇప్పుడు నా బిల్లు 20న వస్తుంది, గడువు 9న. జీతం పడిన నాలుగు రోజులకు గడువు. 21న కొంటే అది వచ్చే నెల 20 బిల్లులో పడి, ఆ పై నెల 9న కడతాను, అంటే దాదాపు యాభై రోజులు వడ్డీ లేదు. అదే 19న కొంటే ఇరవై రోజులే. పెద్ద వస్తువు ఏదైనా 21 తర్వాతే కొంటాను. గడువు దాటి మూడు రోజులు మించితేనే లేటు ఫీజు వేయాలన్నది కూడా నిబంధనే. ఆ మూడు రోజుల్ని నమ్ముకుని మాత్రం ఆలస్యం చేయకండి. ఫీజు తప్పినా వడ్డీ తప్పకపోవచ్చు.

మూడోది నా నోటుబుక్కు. పొడుగాటి గీతల పుస్తకం, బీరువా మీద ఉంటుంది. కార్డు గీకిన రోజు రాత్రి అందులో ఒక వరుస రాస్తాను: తేదీ, అంగడి, ఎంత. రాసిన వెంటనే అంత డబ్బూ జీతం ఖాతా నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకులోని ఖాతాకు మారుస్తాను. ఆటో పే ఆ ఖాతాకే ఉంది. నాకు సంబంధించినంత వరకు కార్డు గీకిన రోజే ఆ డబ్బు చేతులు మారింది. 9న బ్యాంకు తీసుకునేటప్పుడు నాకు కొత్తగా పోయేదేమీ ఉండదు. 20న ఎర్ర పెన్నుతో గీత గీసి కూడిక వేసి స్టేట్‌మెంటుతో పోలుస్తాను. ఒకసారి పెట్రోలు బంకులో 1,460 రూపాయలు రెండుసార్లు పడింది. పుస్తకం లేకపోతే నాకు తెలిసేదే కాదు. ఫిర్యాదు చేస్తే తిరిగి వేశారు.

రాయడానికి బద్ధకమనిపిస్తే కార్డు వద్దు. ఇది కోపంతో చెప్పడం లేదు. రాయనివాళ్లు నెలకు ఎంత గీకుతున్నారో వాళ్లకు తెలియదు, నేను కాలేజీలో ఎంతమందినో చూశాను.

కార్డుతో డబ్బు డ్రా చేయకండి, ఎంత అవసరమైనా. దానికి వడ్డీ లేని గడువు ఒక్క రోజు కూడా ఉండదు, పైగా డ్రా చేసినందుకు ఫీజు. నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేదని చెప్పే నెలవాయిదాలు, అని ఉంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, వడ్డీ భాగం మీద జీఎస్టీ ఎంతో అడగండి. చాలాసార్లు రొక్కం ఇస్తే అంగడివాడు తగ్గించే మొత్తం దానికంటే ఎక్కువే ఉంటుంది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు, 2022 నుంచి ఆ సౌకర్యం ఉంది. నేను కలపలేదు. ఉగ్గాని బజ్జీ తిని స్కాన్ చేసేటప్పుడు అది అప్పు అని ఎవరికీ గుర్తుండదు.

పాయింట్ల సంగతి మా ఆయన షాపు వైపు నుంచి చెబుతాను. కార్డు గీకితే మెషీన్ వాళ్లు రెండు శాతం దాకా ఆయన దగ్గర పట్టుకుంటారు. అందుకే చాలా అంగళ్లలో "కార్డయితే రెండు శాతం ఎక్కువ" అంటారు. మీకు వచ్చే పాయింట్లు నూటికి రూపాయి లెక్కన ఉంటే, రెండు రూపాయలిచ్చి రూపాయి తెచ్చుకున్నట్టు. అడిగిన చోట యూపీఐ చేసేయండి.

యాప్‌లో విదేశీ లావాదేవీలు, వైఫై గుర్తుతో తాకించి కట్టేది రెండూ ఆపేసుకోవచ్చు. నేను ఆపేశాను. మీరు ఒప్పుకోకుండా బ్యాంకు లిమిట్ పెంచకూడదు. పెంచుతామని ఫోనొస్తే వద్దనండి. ఓటీపీ అడిగితే మాట్లాడకుండా పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే బ్యాంకుకూ 1930 నంబరుకూ ఫోన్ చేయాలి, మూడు పని దినాల్లోపు బ్యాంకుకు చెప్పడం చాలా ముఖ్యం.

ఇప్పటికే ఇరుక్కుపోయి ఉంటే

68,000 బాకీ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి మా జేజి ఇచ్చిన నాలుగు గాజులు తీసుకుని బ్యాంకుకు పోయాను. అప్రైజరు గాజును రాయి మీద గీసి చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన పక్కనే ఉండి, "ఇవి ఇంటికొస్తాయి, ఆ వడ్డీ డబ్బు ఎప్పటికీ రాదు" అన్నాడు. లోను రూపాయి వడ్డీకి కొంచెం లోపే దొరికింది. ఆ రోజే కార్డు బాకీ మొత్తం కట్టేశాను. లెక్క చూడండి: 68,000 మీద కార్డుకు నెలకు వడ్డీ, జీఎస్టీ కలిపి 2,800 పైన. బంగారం లోనుకు 680 లోపు. మిగిలిన రెండు వేలు చిల్లర అసలుకు పోయింది. నెలకు ఏడు వేల లోపు కట్టుకుంటూ పదకొండు నెలల్లో గాజులు ఇంటికి తెచ్చుకున్నాం.

మీరూ ఇదే వరుసలో చేయండి. ముందు ఆ కార్డు వాడడం ఆపాలి, కిరాణాకు కూడా. తర్వాత తక్కువ వడ్డీకి ఎక్కడ దొరుకుతుందో చూడాలి: బంగారం, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్ఐసీ పాలసీ మీద లోను, ఏదీ లేకపోతే పర్సనల్ లోను. ఆ డబ్బుతో కార్డు బాకీ ఒకే దెబ్బకు తీర్చాలి. ఇంకో కార్డుతో ఈ కార్డు తీర్చే పని పెట్టుకోకండి. కట్టలేని పరిస్థితే ఉంటే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి గడువు అడగండి. వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు. బెదిరిస్తే తేదీ, టైము రాసి పెట్టుకుని బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో జవాబు లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు, దానికి ఫీజు లేదు.

మా వాడి నాలుగు కార్డులు

ఓళిగలు తిన్నాక వాడి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. నాలుగింటికీ నాలుగు గడువు తేదీలు. ఒక దానికి ఆటో పే లేదు. ఒక కార్డు వాడు రెండేళ్లుగా ముట్టుకోనే లేదు. అన్నిటికంటే పాత కార్డు, వార్షిక రుసుము లేనిది, ఉంచుకోమన్నాను. పాతది ఉంటే స్కోరుకు మంచిది. దాని లిమిట్ వాడి నెల జీతానికి తగ్గించాం. ఏ నెలా అందులో మూడో వంతు దాటి వాడనని మాటిచ్చాడు. సిబిల్‌తో సహా మన అప్పుల చరిత్ర రాసిపెట్టే నాలుగు సంస్థలు ఏడాదికొక రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, అది కూడా తెప్పించుకోమన్నాను. అందులో వాడికి తెలియని అప్పేదైనా ఉంటే బయటపడుతుంది.

మిగిలిన మూడింటినీ మూసేయమని బ్యాంకులకు మెయిల్ రాయించాను. ఫోన్లో చెబితే "సార్, ఆఫర్ ఇస్తాం, ఉంచుకోండి" అని మాటల్లో పెడతారు, రాతలో ఉంటే తేదీ నిలుస్తుంది. బాకీ లేకపోతే ఏడు పని దినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మనకు కట్టాలి. ఈ మాట మెయిల్లో మర్యాదగా ఒక వాక్యం రాయమన్నాను.

పది రోజుల తర్వాత ఫోన్ చేశాడు. "అత్తా, రెండు మూసేసినారు. మూడోదానికి వార్షిక రుసుము, జీఎస్టీ కలిపి 1,180 బాకీ ఉందంట. అది వాడని కార్డే."

కట్టేసి, రసీదు జత చేసి, అదే మెయిల్ కింద మళ్లీ రాయమన్నాను.